బుంగమూతి అనే తాళంచెవి

అన్ని ఖాతాలకీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకోవడమంత సుఖం ఈ భూమ్మీద ఇంకోటి లేదు! కాదన్నవాళ్ళు నా ఎదురుగా వచ్చి కూర్చోండి, తేల్చుకుందాం.

పెద్దగా చదువుకోలేదు గానీ, నా జ్ఞాపకశక్తి మీద ఈగ వాలనివ్వను. మా అమ్మాయికి తొలి పన్ను ఏ పూట ఊడిందో, ఆ పూట వానొచ్చి తీగ మీద ఏ బట్టలు తడిశాయో ఇప్పటికీ చెప్పగలను. అలాంటిదాన్ని కరెంటు బిల్లుకొకటి, మందుల షాపుకొకటి, ఊలు కొట్టుకొకటి గుర్తుపెట్టుకోవాలా? బుర్రలో ఆ చెత్తకి చోటేది?

అందుకే అన్నిటికీ 'బుంగమూతి' అని పెట్టేశాను. అలిగినప్పుడు మా ఆయన నన్ను పిలిచే పేరు లెండి. నేనెప్పుడూ అలిగే ఉండేదాన్ని కాబట్టి ఎప్పుడూ అలాగే పిలిచేవారు. ఆయన పోయాక, ఆ పేరు టైపు చేస్తే చాలు, పక్కగదిలోంచి పిలిచినట్టుండేది. ఇంకో పాస్‌వర్డ్ ఎందుకండీ?

పైగా దొంగల కష్టమూ చూడాలి కదా! పూర్వం గోడలెక్కి, కుక్కల చేత కరిపించుకుని, నానా అవస్థా పడేవాళ్ళు. ఇప్పుడా బాధ లేదు. ఆన్‌లైన్ ఊలు కొట్టులో నా పాస్‌వర్డ్ లీకయింది. అదే తాళంచెవితో దొంగ నా మెయిల్లోకీ, అక్కణ్ణుంచి ఫొటోల ఖాతాలోకీ కాలికి దుమ్మంటకుండా నడిచొచ్చాడు. వచ్చి, నా పేరుతో అందరికీ ఒళ్ళు తగ్గే మందుల ప్రకటన పంపాడు.

మా వియ్యపురాలు వెంటనే ఫోన్ చేసింది. "ఏం వదినగారూ, నేను లావయ్యానని మెయిల్లో చెప్పాలా? ఎదురుగా అనడానికి నోరు రాలేదా?"

"అయ్యయ్యో, అది నేను కాదు వదినగారూ, దొంగ!"

"నేను లావని దొంగకెవరు చెప్పారు మరి?"

దీనికి జవాబు మీకేమైనా తెలిస్తే నాకూ చెప్పండి!

ఫొటోల ఖాతా తెరవబోతే మాత్రం నా నవ్వు ఆగిపోయింది. దొంగ పాస్‌వర్డ్ మార్చేశాడు. ఫొటోలు పోతే పోనీ, మా ఆయన గొంతు అందులోనే ఉంది. వంటింట్లో నిలబడి నన్ను కేకేస్తుంటే మనవరాలు తీసిన వీడియో. ఇంకెక్కడా లేదు.

మనవరాలు పరుగున వచ్చింది. "అమ్మమ్మా, ఇన్నిటికీ ఒకటే పెట్టావా? నిన్నేమనాలి?"

"తర్వాత తిడుదువుగానీ, ముందు మీ తాతయ్యని బయటికి తీయవే!"

నా ఖాతా నాకిమ్మని అడిగితే, నేను మనిషినేనని నిరూపించుకోమంది ఆ యంత్రం! బస్సులున్న బొమ్మలు ఏరమంది. దొంగనేమో కొత్తల్లుడిలా లోపలికి రానిచ్చింది! ఎలాగైతేనేం, నా ఫోనుకి కోడ్ వచ్చింది, ఖాతా చేతికొచ్చింది. "గరిటెక్కడ పెట్టావే బుంగమూతీ!" అని ఆయన అరిచారు. హమ్మయ్య, ఉన్నారు.

ఇప్పుడు ఒక్కో ఖాతాకీ ఒక్కో పాస్‌వర్డ్. నాకే నోరు తిరగదు, ఒక యాప్ దాచిపెడుతుంది. ఊలు కొట్టువాళ్ళు కూడా మెయిల్ రాశారు: మా భద్రతే వాళ్ళకి ప్రాణమట, 'కొంత సమాచారం' మాత్రమే బయటికి పోయిందట. ఔను మరి, కొంతే!

ఎవరో పాత పాస్‌వర్డ్‌తో లోపలికి రాబోయారని ఇప్పటికీ మెయిళ్ళు వస్తూనే ఉంటాయి. మనవరాలు గాభరా పడుతుంది. నాకు మాత్రం కోపం రావడం లేదు. నన్ను బుంగమూతీ అని పిలవడానికి, ఆ దొంగలు తప్ప ఇంకెవరున్నారు గనక?