ఫిర్యాదుల్లేని టపా

ఒక పెద్ద అడవిలో సింహంగారి తాతల నాటి టపా శాఖ ఒకటి ఉండేది. మిగతా శాఖలేవీ పనిచేయని రోజుల్లో కూడా అది పనిచేసింది. అలాంటి శాఖ ఒకటుందని పెద్దలెవరికీ గుర్తు లేకపోవడమే అందుకు కారణం.

ఆ శాఖకు చివరి మజిలీ ఎండవాగు లోయ. అక్కడికి ఉత్తరాలు మోసేది కంటకయ్య అనే ముళ్లపంది. ఉత్తరాలంటే మోదుగాకులే. వాటిని వీపు మీది ముళ్లకు ఒక్కొక్కటిగా గుచ్చుకుని, రెండు వాగులు దాటి, ఒకటిన్నర రోజు నడిచి లోయకు చేరేవాడు. గాలికీ వానకూ ఒక్క ఆకు జారేది కాదు. దారికాచి దోచుకునే తోడేళ్లు కూడా ఆ వీపు వైపు ఒకసారి చూసి, మనకు ఉత్తరాలతో పనేముందిలే అనుకుని పక్కకు తప్పుకునేవి.

లోయలో ఉండేది ఎలుకలు. మొత్తం మూడొందల కలుగులు. పగటిపూట ఏ చప్పుడు విన్నా అవి బయటికి వచ్చేవి కావు. పూర్వం వచ్చిన వాటికి వంశం మిగల్లేదు కాబట్టి, ఉన్నవన్నీ రాని వాటి వంశమే. అయితే ఒక్క పిలుపుకు మాత్రం వచ్చేవి. కంటకయ్య కలుగు ముందు నిలబడి "టపా!" అని మూడుసార్లు అరిస్తే ఇంటిల్లిపాదీ బయటికొచ్చి ఆయన చుట్టూ ఎండలో కూర్చునేవారు.

ఉత్తరం చేతికే ఇవ్వాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించాలి. వినిపించాక "తిరిగి ఏమైనా చెప్పాలా?" అని అడగాలి. ఇవీ టపా నిబంధనలు. ముప్పై ఏళ్లలో కంటకయ్య వీటిలో ఒక్కటీ తప్పలేదు. లోయ మొదట్లోనే ఉండే నూకాలమ్మ అనే ఎలుక, ఆమె మొగుడు గాదెయ్య, తమకు ఉత్తరం లేని రోజున కూడా పిలవమని ఆయన్ను బతిమాలేవారు. నిబంధన ఒప్పుకోదని కంటకయ్య పిలిచేవాడు కాదు.

ఇలా ఉండగా టపా శాఖ కొమ్ములరాయుడికి దక్కింది. ఈయన అడవిదున్న. ఎండవాగు లోయ ఓట్లతోనే నాలుగుసార్లు సభకు నెగ్గాడు. శాఖను ఏం చేయాలో తోచక ఏకపాదం అనే కొంగను సలహాదారుగా పెట్టుకున్నాడు. ఏకపాదం మడుగులో ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడితే, గొప్ప ఆలోచనలో ఉన్నాడని అడవంతా అనుకునేది. చేపలు మాత్రం అలా అనుకునేవి కావు.

"కాలం మారింది," అన్నాడు ఏకపాదం సభలో. "కోతులు కొమ్మల మీంచి అరిచి క్షణంలో కబుర్లు చెప్పుకుంటున్నాయి. చిలకలు ఇంటింటికీ పార్శిళ్లు పట్టుకెళ్తున్నాయి. ఒక్క ఆకు కోసం ఒకటిన్నర రోజు నడిచేవాణ్ని ఎవరైనా భరిస్తారా? టపా శాఖ ఇకనైనా తన కాళ్ల మీద తాను నిలబడాలి." ఈ మాట ఆయన ఒంటికాలి మీద నిలబడే చెప్పాడు.

లోయ టపాను బయటివాళ్లకు అప్పగించాలని తీర్మానం చేశారు. చిలకలు రామన్నాయి. కాకులు అంత దూరం మాకు గిట్టుబాటు కాదన్నాయి. "మెరుపు టపా" అనే సంస్థ పెట్టిన గగనం అనే గద్ద మాత్రం ముందుకొచ్చింది. పైగా ప్రతిఫలంగా చిల్లిగవ్వ కూడా వద్దంది.

"ఒక్కటే మనవి," అంది గద్ద వినయంగా. "పిలుపు మాత్రం పాతదే ఉంచండి. జనం దానికి అలవాటు పడ్డారు."

"చూశారా, సంప్రదాయం మీద ఎంత గౌరవమో!" అన్నాడు కొమ్ములరాయుడు. ఆయన కళ్లు చెమర్చాయి.

అప్పుడు వెనక వరసలోంచి కంటకయ్య లేచాడు. "అయ్యా, ఒక్క మాట. గద్దలు ఎలుకల్ని తింటాయి."

సభ ఇబ్బందిగా కదిలింది. అంత పచ్చిగా మాట్లాడటం అక్కడ మర్యాద కాదు.

"అది వారి ఆహారపుటలవాటు. సొంత విషయం. దాన్ని పనితీరుతో ముడిపెట్టకూడదు," అన్నాడు ఏకపాదం.

"కంటకయ్యకు మార్పంటే గుబులు. వయసు మీద పడింది కదా," అన్నాడు కొమ్ములరాయుడు జాలిగా. "ఇన్నేళ్ల సేవకు సన్మానం చేద్దాం."

సన్మానం ఘనంగానే జరిగింది. గడ్డితో నేసిన శాలువా తెచ్చి కంటకయ్యకు కప్పారు. అది ముళ్లకు చిక్కుకుని మరి ఊడి రాలేదు. మర్నాడే ఆయన్ను ప్రధాన కార్యాలయానికి బదిలీ చేసి, ఎండాకులు దండ గుచ్చే పని అప్పగించారు. అనుమతి లేనిదే ఆవరణ దాటరాదని ఉత్తర్వు. రెండుసార్లు అనుమతి అడిగాడు. పరిశీలనలో ఉందన్నారు.

కంటకయ్యకు తిండి సయించలేదు. లోయకు ఎలాగైనా కబురు అందాలి. ఉత్తర్వు కాదని వెళ్లిపోదామా అని ఒక పూటంతా ఆలోచించాడు. జన్మలో నిబంధన దాటని ప్రాణం, కాలు కదల్లేదు. చివరికి ముప్పై ఏళ్లు టపా మోసినవాడికి తోచే పనే చేశాడు. ఒక మంచి మోదుగాకు ఏరి, ముల్లుతో నూకాలమ్మకు ఉత్తరం రాశాడు. "టపా" అని పిలిచినా బయటికి రావద్దని వివరంగా హెచ్చరించాడు. చిరునామా తప్పుల్లేకుండా రాసి, కార్యాలయం పెట్టెలో వేశాడు. నూకాలమ్మకు చదువు రాదు. అయినా చదివి వినిపించాలన్న నిబంధన ఉంది కదా అనుకున్నాడు పాపం.

రెండు రోజులకు "అందినది" అన్న ముద్రతో చీటీ తిరిగొచ్చింది. కంటకయ్య గుండెల మీంచి బరువు దిగింది. ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

మెరుపు టపా పనితీరు చూసి అడవి ముక్కున వేలేసుకుంది. ఉదయం ఇచ్చిన ఉత్తరం మధ్యాహ్నానికి చేరుతోంది. మొదటి నెల ఒక్క ఫిర్యాదూ లేదు. రెండో నెలా లేదు. మూడో నెల నుంచి లోయ నుంచి ఉత్తరాలే ఆగిపోయాయి.

"ఉత్తరాలు రాయాల్సిన కష్టాలు కూడా లేవన్నమాట," అని ఏకపాదం నివేదిక రాశాడు. గద్ద బాగా ఒళ్లు చేసింది. గాలిమార్పు పడిందని అందరూ అభినందించారు.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. ఓటు చీటీలు ఎవరివి వారి చేతికే అందాలి. గద్ద మూడు రోజులు లోయ మీద తిరిగి, ఎంత పిలిచినా ఎవరూ రావడం లేదని చీటీలు వెనక్కి తెచ్చింది. కొమ్ములరాయుడు స్వయంగా లోయకు వెళ్లి సభ పెట్టాడు. ఎవరూ బయటికి రాని కలుగులకు రెండు గంటలు ఉపన్యాసం చెప్పాక ఆయనకు నిజంగానే చెమటలు పట్టాయి.

"కంటకయ్యా, నువ్వైతే వస్తారయ్యా," అన్నాడు తిరిగొచ్చి. "నీ అనుమతి మంజూరైంది. ఇప్పుడే బయల్దేరు."

మూడొందల కలుగుల చీటీలూ ముళ్లకు గుచ్చుకుని, చిరుగుల శాలువాతోనే కంటకయ్య లోయకు చేరాడు. నూకాలమ్మ కలుగు ముందు నిలబడి "టపా!" అని అరిచాడు. మూడుసార్లు అరిచాడు. ఆకు కూడా కదల్లేదు.

"నూకాలమ్మా, నేనే. కంటకయ్యని."

"గద్ద కూడా అదే చెప్పింది," అంది లోపలి నుంచి ఒక సన్నని గొంతు.

కంటకయ్య వెనక్కి తిరిగి, ఒక్క ముల్లు కలుగులోకి వెళ్లేలా నెమ్మదిగా జరిగాడు. లోపల ఎవరో ఆ ముల్లును మొదలు నుంచి చివరిదాకా తడిమి చూశారు. తర్వాత నూకాలమ్మ బయటికొచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది.

"ఏం బాబాయ్, ఇన్నాళ్లకా?" అంది. "నలభై ఒక్క కలుగుల్లో మనిషన్నవాడు లేడు. మొదట పోయింది మా ఆయనే. టపా అని వినపడగానే, కంటకయ్య వచ్చాడే అని నన్ను తోసుకుని మరీ పరుగెత్తాడు. ఉత్తరం గుమ్మంలో పడింది. మనిషి లేడు. అదేం ఉత్తరమో చదివిపెట్టేవాళ్లు కూడా లేరు. దాచి ఉంచాను, నువ్వే చదువు."

ఆమె లోపలికి వెళ్లి ఎండిపోయిన మోదుగాకు ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. చూడగానే కంటకయ్య పోల్చుకున్నాడు, దస్తూరీ తనదే. చదవనంటే బాగుండును. నిబంధన ఉంది. చదివాడు.

"నూకాలమ్మకు కంటకయ్య రాయునది. ఇకమీదట టపా అని ఎవరు పిలిచినా మీరు బయటికి రావద్దు. పిలిచేది గద్ద. ముఖ్యంగా గాదెయ్యకు చెప్పు. పిలుపు వింటే ఆగలేడు."

చదవడం అయ్యాక ముసలి ముళ్లపంది పసిపిల్లాడిలా ఏడ్చాడు. నూకాలమ్మ ఆయన్ను తిట్టలేదు. ఆయనే కళ్లు తుడుచుకుని, "తిరిగి ఏమైనా చెప్పాలా?" అని అడిగాడు.

"చెప్పాలి," అంది నూకాలమ్మ.

ఆ జవాబును కంటకయ్య సభలో నిలబడి చదివి వినిపించాడు: "మీ టపా వేళకు అందింది. అందుకున్న నలభై ఒక్క ఇళ్లవాళ్లూ గద్ద కడుపులో ఉన్నారు. మీ ఓటు చీటీలు కలుగులకు అడ్డం పెట్టుకున్నాం. బాగా పనికొచ్చాయి."

ఏకపాదం ఒక కన్ను తెరిచాడు.

"దీన్ని ఫిర్యాదుగా పరిగణించలేం. ఇది ఉత్తరం. ఫిర్యాదుకు వేరే పత్రం ఉంది."

"ఆ పత్రం లోయవాళ్లకు ఎలా అందుతుందండీ?" అని అడిగాడు కంటకయ్య.

"గద్ద తెచ్చి ఇస్తుంది," అన్నాడు ఏకపాదం. "చేతికే."

కంటకయ్య ఒంటి మీద మిగిలిన శాలువా పీలికలు ఏరి బల్ల మీద పెట్టి, అనుమతి అడక్కుండా ఆవరణ దాటాడు. ఇప్పుడాయన లోయలోనే ఉంటున్నాడు. మోయడానికి ఉత్తరాలు లేవు. రోజూ పొద్దెక్కగానే కలుగుల మధ్య వెళ్లి కూర్చుంటాడు. ఏ పిలుపూ పిలవడు. కాసేపటికి ఎలుకలు ఒక్కొక్కటే వచ్చి ఆయన చుట్టూ ఎండ కాచుకుంటాయి. నూకాలమ్మ అందరికన్నా చివర వస్తుంది.

ఎన్నికల్లో లోయ నుంచి ఒక్క ఓటూ పడక కొమ్ములరాయుడు ఓడిపోయాడు. ఓటర్లు పూర్తి సంతృప్తితో ఉండటం వల్లే బయటికి రాలేదని ఏకపాదం తేల్చాడు. కొత్త సభ ఆయన్నే సలహాదారుగా కొనసాగించింది. టపా శాఖను మాత్రం, ఆ పనిలో అనుభవం ఉందని, గద్దకిచ్చింది.

నీతి: ఒక్క ఫిర్యాదూ రాకుండా చూసుకోవాలంటే, సేవను బాగుచేయడం మరీ చుట్టుదారి.