నీలం పోయిందంట

ఆ రోజు అంబుజం మూడే పనులు పెట్టుకుంది. పొద్దున మామిడిపళ్ళు ఏరడం, మధ్యాహ్నం గుజ్జు తీయడం, సాయంత్రం ఆ గుజ్జును ఫ్రీజర్‌లో పెట్టడం. మొదటి రెండూ తన చేతిలో పెట్టుకుని, మూడోదానికి ఫ్రీజర్ కొనుక్కొచ్చే భారం మొగుడు చెంగల్రాయలు మీద పెట్టింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

తమిళనాడులో గుడియాత్తానికి రెండు మైళ్ళలో వాళ్ళ తోట. అందులో ముప్పై ఎనిమిదేళ్ళ నాటి నీలం మామిడి చెట్లున్నాయి. ఏటా ఆఖరున గాలికి రాలిన పళ్ళు సగం ఫ్యాక్టరీ లారీకి, సగం ఆవులకు పోయేవి. ఈసారి వేలూరు సత్తువాచారిలో ఐస్‌క్రీమ్ అంగడి నడిపే మీనాక్షమ్మ ఒక మాట అంది. ఏడాది పొడుగునా గుజ్జు తానే తీసుకుంటుందట. కానీ ఇంట్లో పెద్ద ఫ్రీజర్ ఉండాలి, అది తన కళ్ళతో చూడాలి. ఈ రోజు నాలుగ్గంటలకు వస్తానని కబురు పెట్టింది. లేకపోతే ఆ బేరం ఇంకొకరికి పోతుంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఇది నాది అని చెప్పుకోగల పని అంబుజానికి ఇదే మొదటిది. అందుకని పొద్దున్నే లేచిన దగ్గర్నుంచీ ఆమెకు భయంగానూ సంతోషంగానూ ఉంది.

"ఇదో, ఈ చీటీ జోబీలో పెట్టుకో. వేలూరులో అంగట్లో చూపిస్తే చాలు. నిలబడేది వద్దు, పడుకున్నట్టుండేది కావాల. అద్దం మూత వద్దు, కరెంటు తినేస్తాది. స్టెబిలైజరు గిబిలైజరు అన్నీ కలిపి తీసుకో" అంది అంబుజం.

"నోటితో చెప్పినావు గదా, మళ్ళీ చీటీ యాల?" అన్నాడు చెంగల్రాయలు.

చీటీ యాల అనడంలో ఒక రహస్యముంది. అంబుజం పలమనేరు ఆడపడుచు, తెలుగు బడిలో చదివింది, తమిళ అక్షరం ముక్క రాదు. చెంగల్రాయలు గుడియాత్తం బడిలో చదివాడు, ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే అయినా తెలుగు అక్షరం ముక్క రాదు. ఆ ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా ఇద్దరిలో ఒకరికే అర్థమయ్యేది. ఇరవై రెండేళ్ళుగా ఈ సంగతి ఒకరికొకరు ఒప్పుకోలేదు.

వేలూరు అంగట్లో అమ్మే కుర్రాడు ఆ తెలుగు చీటీని ఇటూ అటూ తిప్పి చూసి, భక్తిగా వెనక్కి ఇచ్చేశాడు. తర్వాత వరసగా తలుపులు తెరిచి చూపించడం మొదలుపెట్టాడు. లీటర్లన్నాడు, స్టార్లన్నాడు. ఒకటి మంచు తనే కరిగించుకుంటుందన్నాడు, ఇంకొకటి కరిగించుకోదు గానీ అదే మేలన్నాడు. అరగంటకు చెంగల్రాయలు తలలో స్టార్లు తప్ప ఏమీ మిగల్లేదు.

"ఇవి కాదప్పా. పడుకున్నట్టుంటాది, పొడుగ్గా పెట్టె మాదిరి. అదేందీ... ఫ్రీజర్ బాక్స్!"

కుర్రాడి మొహం చప్పున వాడిపోయింది. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఏ ఊరని అడిగాడు. చీటీ వెనక ఒక ఫోను నంబరు రాసి, "మీ గుడియాత్తం ఆయనే సార్. ఏసుదాస్. మంచి మనిషి" అన్నాడు మెల్లగా. కొనకుండా పోయేవాడికి కూడా ఇంత మర్యాద చేసే అంగడిని చెంగల్రాయలు ఇంతవరకు చూడలేదు.

పాపం, అతన్ని అని లాభం లేదు. చావింట్లో శవాన్ని ఉంచే చల్లపెట్టెను వాళ్ళ ఊళ్ళో అందరూ 'ఐస్ పెట్టె' అంటారు. పట్నంలో దాని పేరే ఫ్రీజర్ బాక్స్ అని అతనికి ఎవరూ చెప్పలేదు. బస్టాండులో ఒక చెవి మూసుకుని ఫోను చేశాడు.

"ఫ్రీజర్ బాక్స్ కావాలప్పా. ఇంటికి."

అవతలి గొంతు మెత్తబడింది. "కవలపడొద్దన్నా, దిగులు పెట్టుకోవద్దు. ఎప్పటికి కావాల?"

"తొందరగా రావాల. ఈ ఎండకు తాళదు, వాసనొచ్చేస్తాది."

"రెండు గంటలకంతా తెస్తానన్నా. బాక్స్ మాత్రమేనా, అన్నీ కలిపిందా?"

"అన్నీ కలిపిందే" అన్నాడు చెంగల్రాయలు, భార్య మాట గుర్తు తెచ్చుకుని. "పడుకోబెట్టేదే గదా?"

నిలబెట్టేది కావాలని ఏసుదాస్‌ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. "పడుకోబెట్టేదే అన్నా. పేరేంది?"

"నీలం."

"వయసు?"

చెట్ల వయసు కూడా కనుక్కుంటున్నాడంటే గట్టివాడే అనుకున్నాడు చెంగల్రాయలు. "ముప్పై ఎనిమిది."

"అయ్యయ్యో! ఎట్లయినాదన్నా?"

"ఏం చెప్పేది, గాలికి చెట్టుమీద నుంచి పడిపోయినాది."

"పెద్దాస్పత్రిలో కోసేసినారా?" అని అడిగాడు ఏసుదాస్. బస్సు హారను పెద్దాస్పత్రిని మింగేసింది. కోసేసినారా అన్నది మాత్రం వినబడింది.

"ఆ, పొద్దున్నించి కోస్తానే ఉండారు. మా ఇంటిదే కోస్తాంది."

ఏసుదాస్ ఫోనును ఒక చెవి నుంచి ఇంకో చెవికి మార్చుకున్నాడు. పన్నెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాడు. దుఃఖంలో మనుషులు ఏమేమో అంటారని అతనికి తెలుసు. "ధైర్యంగా ఉండన్నా" అన్నాడు చివరికి.

"నేను బాగానే ఉండాను. ఆమెకే తొందర" అని ఇంటి గుర్తులు చెప్పి ముగించాడు చెంగల్రాయలు. అంతటితో ఫోనులో చార్జి అయిపోయింది.

రెండుకు పది నిమిషాల ముందు ఇంటి ముందర వ్యాన్ ఆగింది. అంబుజం మోచేతుల దాకా మామిడి రసంతో బయటికి వచ్చింది. ఇద్దరు మనుషులు పందిరి గుంజలు దించుతున్నారు. ఇంకొకడు పోస్టర్ల కట్ట చంకలో పెట్టుకుని గేటు పక్క గోడకు ఒకటి అంటిస్తున్నాడు. పోస్టరు తమిళంలో ఉంది. ఒక మూల వెలుగుతున్న దీపం బొమ్మ ఉంది.

"ఫ్రీజర్ కొంటే పందిరి కూడా వేస్తారా అప్పా?" అని అడిగింది.

"అన్నీ కలిపి చెప్పినాడమ్మా అన్న" అన్నాడు ఏసుదాస్ తల వంచుకుని.

"కుర్చీలు ఇన్నెందుకు?"

"చూసేదానికి ఊరంతా వస్తారు గదమ్మా."

మీనాక్షమ్మ ఒక్కతే వస్తుందనుకున్న అంబుజం గబగబా కుర్చీలు లెక్కపెట్టింది. అంతలో వ్యాన్ లోంచి అద్దం మూతతో ఆరడుగుల పెట్టె దిగింది. ఊళ్ళో ఎన్నిసార్లు చూసిందో ఆ పెట్టెను! పొద్దున బస్సెక్కిన మొగుడు కళ్ళ ముందు మెదిలాడు. "అయ్యో, ఐస్ పెట్టె!" అని ఆమె వేసిన కేక నాలుగు వీధులకు వినబడింది.

"అన్నకేం కాలేదమ్మా, అన్నే ఫోన్ చేసినాడు" అని ఏసుదాస్ చెప్పేలోగా ఇరుగుపొరుగు ఆడవాళ్ళు లోపలికి వచ్చేశారు. పెట్టె చూశారు, కేక విన్నారు, ఇంకేం కావాలి? ఆ ఇంట్లో వయసు మళ్ళింది ముసలామె ఒక్కతే గనక, పోయింది చెంగల్రాయలు తల్లి రుక్మిణమ్మేనని తీర్మానమైపోయింది. పోస్టరులో పోయినవాళ్ళ పేరు చదివినవాళ్ళు మాత్రం నీలం ఎవరబ్బా అని తికమకపడ్డారు. ఒకరు దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. మూడు గంటలు కొట్టకముందే జోలార్పేట చుట్టాలు రైలెక్కారు.

అప్పుడే కొట్టంలో ఆవుకు కుడితి పెట్టి రుక్మిణమ్మ బయటికి వచ్చింది. ఎనభై రెండేళ్ళు, చెవి సరిగ్గా వినబడదు. కానీ పోయినవాళ్ళ మీద ఒప్పారి పాడి ఏడవడంలో ఆ ఫిర్కా పల్లెల్లో ఆమెకు సాటి లేదు. పెట్టె కనబడగానే మర్యాదకు పక్కన చతికిలబడి, గుండెలు బాదుకుంటూ రాగం ఎత్తుకుంది. నీకోసం తెచ్చిన పెట్టె అని ఆమెతో చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆమె ఎత్తుకున్న రాగానికి అందరికీ నిజంగానే ఏడుపొచ్చేసింది. "అత్తా, లేయత్తా, ఎవరూ పోలేదత్తా" అని అంబుజం అరుస్తోంది గానీ ఆ గోలలో ఎవరికి వినబడుతుంది?

చెంగల్రాయలు బస్సు దిగి వీధి మలుపు తిరిగాడు. ఇంటి ముందు పందిరి, పెట్టె, జనం. తన తల్లి ఎప్పుడూ కూర్చునే అరుగు ఖాళీ. చేతిలో సంచీ జారిపోయింది. "అమ్మా! పొద్దున బాగుంటివే అమ్మా!" అంటూ పరిగెత్తి పెట్టెమీద పడ్డాడు. పక్కన పాడుతున్నామె రాగం ఆపి, వాడి వీపు నిమిరింది.

"ఏడవకు నాయనా. ఇంతకీ ఎవరు రా పోయింది?"

చెంగల్రాయలు తలెత్తి చూసి వేసిన కేక ముందు అంబుజం కేక ఏపాటిది! తల్లిని గట్టిగా పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు మాత్రం అచ్చంగా సంతోషమే.

"మరి నీలం యాడుందన్నా?" అన్నాడు ఏసుదాస్ అయోమయంగా.

అంబుజం వసారా వైపు చెయ్యి చూపింది. గుట్టగా పళ్ళు, నాలుగు డేగిసాల గుజ్జు, తొక్కల మీద ముసురుతున్న ఈగలు. ముందు రుక్మిణమ్మ నవ్వింది. తర్వాత పందిరంతా నవ్వింది.

అంబుజం ఒక్కతే నవ్వలేదు. సరిగ్గా అప్పుడే కారు దిగి మీనాక్షమ్మ వస్తోంది. వీధి చివర పోస్టరు చూసి కొన్నది కాబోలు, చేతిలో పూలదండ ఉంది. సంగతంతా విని ఆమె దండను ఎక్కడ వేయాలో తెలియక కాసేపు తడబడి, చివరికి రుక్మిణమ్మ చేతిలో పెట్టింది. "అది సరేమ్మా. ఫ్రీజర్ యాడ?" అని అడిగింది.

అంబుజం పమిటతో చేతులు తుడుచుకుంది. "లేదమ్మా. మోసపోయినాను" అని తల దించుకుంది. మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అతనికి అదే ఎక్కువ గుచ్చుకుంది. జోబీలో చీటీ తీసి, "అంబుజం, నాకు తెలుగు చదివేది రాదే" అన్నాడు, ఇరవై రెండేళ్ళ తర్వాత, అందరి ముందరా.

"ఆ పోస్టరు నాకూ చదివేది రాలేదు" అంది అంబుజం.

చీటీని చెంగల్రాయలు చేతిలోంచి ఏసుదాస్ తీసుకున్నాడు. అంబుజం ఒక్కొక్కటే చదివి చెప్పింది. అతను తల ఊపాడు. "గట్టి మూత, సరే. ఈ లోవోల్టేజీకి స్టెబిలైజరు ఉండాల్సిందే. కరెంటు పోయినా మూత తెరవకుంటే రాత్రంతా చలి నిలిచేది ఒకటుండాది. నా మిషన్లు రిపేరు చేసే ఆయన అంగట్లో కొత్తది, అట్టపెట్టె కూడా విప్పలేదు. గంటలో తెస్తానక్కా. గుజ్జు ఒకేసారి నింపద్దు, కొంచెం కొంచెంగా పెట్టు."

"నమ్మొచ్చా?" అంది మీనాక్షమ్మ.

"పన్నెండేండ్లమ్మా. నా మిషన్‌లో పెట్టినోళ్ళు ఒక్కరు కూడా సరిలేదని చెప్పలా."

అతను అన్నట్టే తెచ్చాడు. అతను వచ్చేలోగా ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళందరూ కత్తిపీటలు తెచ్చుకుని కూర్చున్నారు. జోలార్పేట చుట్టాలు రైలు దిగి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, అవే చేతులతో టెంకలు పిండారు. చావింట్లో పొయ్యి వెలిగించరాదని ఎవరికి వాళ్ళు క్యారియర్లలో సాంబారన్నం తెచ్చారు గనక, వంట పని కూడా తప్పింది. మీనాక్షమ్మ ఒక గిన్నెడు గుజ్జు తాగి, ఇంకొక గిన్నె అడిగింది. ఆమె వెళ్ళేటప్పుడు అంబుజం గుమ్మంలో నిలబడి, ఏటా ఇస్తాను అని రెండుసార్లు చెప్పింది.

ఆ పోస్టర్లు ఎవరూ చించలేదు. వాటి కింద ఉన్నది చెంగల్రాయలు నంబరే. పరామర్శకు ఫోను చేసినవాళ్ళకు జరిగింది చెప్పి, చివర గుజ్జు సంగతి కూడా చెప్పేవాడతను. డిసెంబరుకల్లా ఫ్రీజర్ ఖాళీ అయింది.

ఆ నెలలోనే తిరుపత్తూరు నుంచి దూరపు చుట్టం ఒకావిడ ఫోను చేసింది. "అమ్మా, ఇప్పుడే తెలిసినాది. నీలం పోయినాదంట గదా?"

అంబుజం ఖాళీ ఫ్రీజర్‌ను తడిగుడ్డతో తుడుస్తూ, "ఆ అమ్మా, అంతా పోయినాది. మళ్ళీ వచ్చే యేడే" అంది.