గోడ వంకరకు పాలకూర

పట్నంలో గోడలు వంగిపోతున్నాయన్న సంగతి మొదట కనిపెట్టింది పెద్దమేస్త్రి. ఆయన కనిపెట్టాడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. గోడకు కాస్త దూరంగా నిలబడి, ఎడమకన్ను మూసి, కుడికంటితో అంచు వెంబడి పైనుంచి కిందికి చూడటం ఆయన పద్ధతి. "ఊఁ" అంటే గోడ నిలువుగా ఉన్నట్టు. "ఊహూఁ" అంటే పడగొట్టాల్సిందే. నిలువు చూసే తూకంగుండు దారం కట్టి వేలాడదీయడం కుర్ర మేస్త్రీల తృప్తికోసం.

ఆ ఉదయం ఒక మూడంతస్తుల ఇంటికి తూర్పు గోడ లేస్తోంది. పెద్దమేస్త్రి చూశాడు. గోడకు నడుము దగ్గర పొట్ట వచ్చింది. "ఊహూఁ" అన్నాడు.

కుర్ర మేస్త్రి ఒకడు గుండు దారం వదిలాడు. దారానికీ గోడకూ మధ్య ఎక్కడా తేడా లేదు. ఆ మాట చెప్పబోతే కాంట్రాక్టరు కసురుకున్నాడు.

"ఆయన కన్నుకంటే నీ గుండు గొప్పదట్రా?"

గోడ పడగొట్టారు. మళ్లీ కట్టారు. మళ్లీ పొట్ట. మళ్లీ పడగొట్టారు. గుండు పాతబడిందని కొత్తది తెచ్చారు. కొత్త గుండు దారం కూడా పెద్దమేస్త్రికి పాములా మెలిక తిరిగి కనిపించింది. ఈ మధ్య గుండ్ల నాణ్యత పడిపోయిందని కాంట్రాక్టరు ఇంటి యజమానికి వివరించాడు. యజమాని చదువుకున్నవాడు కాబట్టి ఒప్పుకున్నాడు.

ఇంటి దగ్గర కూడా పెద్దమేస్త్రి ఊరుకోలేదు. వడ్రంగిని పిలిపించి, తన కంటికి తిన్నగా కనిపించేదాకా వీధి ద్వారబంధం చెక్కించాడు.

"తలుపు పడటం లేదయ్యా," అంది భార్య.

"వంకర పోయిందా లేదా?"

"వంకర సంగతి నాకు తెలీదు. వీధికుక్క మాత్రం తిన్నగా వంటింట్లోకొస్తోంది."

గోడలు ఎందుకు వంగుతున్నాయో తేల్చింది ఇసుక. ఒకరోజు గాలికి రేణువు కుడికంట్లో పడింది. కన్ను తెరవలేక పెద్దమేస్త్రి ఎడమకంటితో చూశాడు. గోడ నిట్టనిలువుగా ఉంది. నీళ్లతో కడుక్కుని కుడికంటితో చూశాడు. పొట్ట. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి. కూలీలు మధ్యాహ్నం భోజనానికి లేచేదాకా అక్కడే నిలబడ్డాడు. ఇంటికెళ్లి భార్యకొక్కదానికే చెప్పాడు. ఆమె మర్నాడే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ గళ్ల కాగితం చేతికిచ్చి ఒక్కో కంటితో చూడమంది. కుడికంటికి గళ్లు మధ్యలో కుంగాయి.

"ఇది గీసినవాడెవరో గానీ పని రాదమ్మా," అన్నాడు పెద్దమేస్త్రి.

ఆమె నవ్వలేదు. "కాగితం తిన్నగానే ఉంది పెద్దాయనా. కంటి వెనక తెరకు, నడిమధ్యన, వయసుతో వచ్చే జబ్బిది. కుడికంట్లో రక్తనాళాలు కారుతున్నాయి. ఈ వారంలోనే కంట్లోకి ఇంజెక్షను పడాలి, తర్వాత నెలనెలా. ఆలస్యమైతే మధ్య చూపు పోతుంది. పోయింది తిరిగి రాదు. ఎడమకంట్లో ఇంకా కారడం మొదలవలేదు. దానికోసం విటమిన్లూ జింకూ ఉన్న మాత్రలు రాస్తాను. జబ్బు ముదరడాన్ని కొంత నెమ్మదిస్తాయి, అంతే. కుడికంటికి అవి పనిచెయ్యవు. సిగరెట్టు మానెయ్యాలి. ఆకుకూరలూ చేపలూ తినండి, మంచిదే."

"కంట్లోకా? సూదా?"

"మత్తుచుక్కలు వేసే చేస్తాం. క్షణం పని."

మూడంతస్తుల ఎత్తున పరంజా పలక మీద నిలబడి సిగరెట్టు ముట్టించుకునే మనిషి బల్ల అంచు పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో సమావేశం జరిగింది. పెద్దమేస్త్రి బావమరిది అధ్యక్షత వహించాడు. పన్నుల ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన ఈయన, ఫోనులో వీడియోలు చూసి, ఆహారశాస్త్రంలో స్వయంకృషితో పైకొచ్చినవాడు. డాక్టరమ్మ చెప్పినవి నాలుగు: సూది, సిగరెట్టు, మాత్రలు, ఆకుకూరలు. మొదటి రెండూ కష్టమైనవి కావడంతో వాటిని వచ్చే సమావేశానికి వాయిదావేసి, మిగిలిన రెండింటిని ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.

"బావా, కన్నంటే ఏంటి? కండేగా! కండ దేంతో పెరుగుతుంది? తిండితో! తిండితో పెరిగినదాన్ని సూదితో పొడిచి బాగుచేస్తామంటే నమ్మడానికి మనమేమన్నా అమాయకులమా? మేక కళ్లజోడు పెట్టుకోగా ఎప్పుడైనా చూశావా? ఎందుకు పెట్టుకోదు? ఆకులు తింటుంది కాబట్టి!"

"మేకని ముసలిదయ్యేదాకా ఎవరుంచార్రా?" అంది ఆయన అక్క, అంటే పెద్దమేస్త్రి భార్య.

ఈ అభ్యంతరాన్ని పరిగణనలోకి తీసుకోలేదు.

మర్నాటినుంచి పొద్దున పాలకూర రసం, మధ్యాహ్నం పాలకూర పప్పు, రాత్రి పాలకూరలో చేప. డాక్టరమ్మ ప్రస్తావించకపోయినా క్యారెట్టును గౌరవ సభ్యత్వం ఇచ్చి చేర్చుకున్నారు. చీటీలో రాసిన మాత్రల సీసా చిన్నది. బావమరిది తెచ్చిన డబ్బా పెద్దది, మూతమీద గద్ద బొమ్మ ఉంది. కళ్లకూ కీళ్లకూ జుట్టుకూ జ్ఞాపకశక్తికీ ఒకటే మాత్ర. ఒకటి వేసుకుంటే మేలైనప్పుడు మూడు వేసుకుంటే మూడింతల మేలని ఆయన లెక్కగట్టాడు. నోరు చేదెక్కుతోందని పెద్దమేస్త్రి మాత్ర మాత్రకూ ఒక సిగరెట్టు కాల్చాడు. కొన్నాళ్లకు క్యారెట్ల పుణ్యమా అని అరచేతులు పసుపుపచ్చకు తిరిగాయి. చికిత్స పనిచేస్తోందనడానికి మొదటి ఆధారం ఇదే.

అయినా ఆ మొదటి వారంలోనే, సూది వేసే రోజున, పెద్దమేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు. వీధి మలుపులో కాంట్రాక్టరు ఎదురొచ్చాడు.

"మేస్త్రీ, నా కొంప ముంచకండి. మీరు సూది వేయించుకున్నారంటే మీ కన్ను చెడిందని ఒప్పుకున్నట్టే. మరి నేను పడగొట్టించిన గోడల సంగతేంటి? ఆ యజమాని నన్ను బతకనిస్తాడా?"

వెనక్కి తిరగడానికి పెద్దమేస్త్రికి ఒక కారణం కావాలి. అది ఇంత పెద్దమనిషి నోట దొరుకుతుందని ఆయన అనుకోలేదు. ఇంటికొచ్చి చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు.

ఆ తర్వాత గోడలు తిన్ననయ్యాయి. నడుము దగ్గర పొట్ట కనపడటం లేదని పెద్దమేస్త్రి ఒకరోజు నోరుజారాడు. అంతే, వార్త గుప్పుమంది. పాలకూరా గద్ద బొమ్మా కలిసి సాధించిన విజయానికి భవన నిర్మాణ కార్మికుల సంఘం హాల్లో సన్మానం ఏర్పాటైంది. కాంట్రాక్టరు శాలువా కప్పాడు. పూలగుత్తికి బదులు పాలకూర కట్ట చేతికిచ్చారు. బావమరిది అరగంట మాట్లాడాడు. కన్ను తనను తాను కట్టుకుంటుందనీ, దానికి సరుకు అందించడమే మన పని అనీ అన్నాడు. మేస్త్రీలున్న సభ కాబట్టి ఈ పోలికకు ఈలలు పడ్డాయి.

పెద్దమేస్త్రి లేచాడు. అలవాటుకొద్దీ ఎడమకన్ను మూసి కాంట్రాక్టరుకేసి చూశాడు. రెండు చెవులు కనిపించాయి, భుజాలు కనిపించాయి. వాటి మధ్య ఉండాల్సిన ముఖం లేదు. అక్కడ బూడిద రంగు మరక ఉంది. మైకు పట్టుకున్నాడు.

"నాకిప్పుడు గోడ వంకర కనపడటం లేదు," అన్నాడు.

చప్పట్లు మోగాయి.

"గోడే కనపడటం లేదు," అన్నాడు.

చప్పట్లు ఇంకా ఆగలేదు.

మర్నాడు డాక్టరమ్మ కన్ను పరీక్షించింది.

"ఆ రోజు ఎందుకు రాలేదు?"

వీధి మలుపులో కాంట్రాక్టరు అన్న మాట పెద్దమేస్త్రి చెప్పాడు.

"కుడికంటి మధ్య చూపు అయిపోయింది. ఇక మిగిలింది ఎడమది. రోజూ పొద్దున్నే ఒక తిన్నని గీతను ఆ కంటితో చూసుకోండి. కాస్త వంగినట్టున్నా సరే, ఆ రోజే రావాలి. ఎవర్నీ అడక్కండి."

ఆయన సిగరెట్టు మానేశాడు. గద్దను అటకమీద పెట్టి చిన్న సీసా తెచ్చుకున్నాడు. పాలకూర తింటూనే ఉన్నాడు, రోజుకొక్కపూట. ద్వారబంధాన్ని తనే చెడగొట్టుకున్నాడు కాబట్టి కిటికీ ఊచలు చూసుకునేవాడు.

వానలు పట్టాక ఒక పొద్దున మధ్య ఊచ వంగింది. ఆయన కిటికీ దగ్గరికెళ్లి ఊచను చేత్తో తడిమాడు. చేతికి తిన్నగానే తగిలింది. ఇస్త్రీ చొక్కా తీశాడు.

"ఎక్కడికి?" అంది భార్య.

"సూదికి."

ఆమె చీర కొంగు సర్దుకుంది. "పద, నేనూ వస్తా. మా తమ్ముడు నిద్రలేచేలోపు వెళ్లిపోదాం."

బల్లమీద పడుకున్నప్పుడు ఆయన భార్య చెయ్యి నలిగిపోయేలా పట్టుకున్నాడు. క్షణంలో అయిపోయింది. నెలనెలా వెళ్లాడు. ఊచ కొంచెం కొంచెంగా దారికొచ్చింది. ఎడమకన్ను నిలబడింది.

ఈ వార్త బావమరిది చెవిన పడగానే, గద్ద బొమ్మ ప్రభావం ఆలస్యంగా ఎడమకంటికి చేరిందని ఆయన ప్రకటించాడు. కుడికన్ను ముందే పోవడం వల్ల సత్తువంతా ఒక్కచోట పనిచేసిందన్నది ఆయన తాజా సిద్ధాంతం. వీధిలో సగం ఇళ్లకు డబ్బాలు చేరాయి.

మొన్న పక్కింటి టైలరు వచ్చాడు. కుట్టిన గీత ఒక కంటికి వంకరగా కనిపిస్తోందట. పెద్దమేస్త్రి తన కథంతా చెప్పాడు, సూది సహా, పోయిన కన్ను సహా. టైలరు ఓపిగ్గా విన్నాడు.

"అదంతా సరే మేస్త్రీ, ఇంతకీ డబ్బా ఎక్కడ దొరుకుతుంది?"

పెద్దమేస్త్రి అతని రెక్క పట్టుకుని లాక్కెళ్లి ఆసుపత్రి బస్సెక్కించాడు, తనూ ఎక్కాడు. చూసినవాళ్లు డబ్బాలమ్మే దుకాణం ఆ దారిలోనే ఉందనుకుని అదే బస్సెక్కారు.

పాఠకులు అలాంటివారు కారు. వారికి కథలోని నీతి పూర్తిగా బోధపడింది. వారికి తెలియాల్సింది ఒక్కటే: పాలకూర పచ్చిది తినాలా, ఉడికించి తినాలా?