గరిటెకి దొరికిన గుండె

సెప్టెంబరు వచ్చిందంటే మా లెస్కోవాత్స్ ఊళ్ళో మొగుడి బతుకు కుక్క బతుకే. ఇంటింటా వంద కిలోల ఎర్ర మిరపకాయలు, కారం లేనివి, కాల్చి తొక్క తీసి అయివార్ పచ్చడి చెయ్యాలి. తొక్క తీసేది ఆడవాళ్ళు. పొయ్యి మీద నాలుగు గంటలు ఆపకుండా గరిటె తిప్పేది మొగుడు. ఆపితే అడుగంటుతుంది. అడుగంటిందాన్ని మా ఆవిడ స్తమెంకా చలికాలమంతా నాకే వడ్డిస్తుంది.

అందుకని ఈసారి బస్తాలు దిగకముందే గుండె పట్టుకుని కూర్చున్నాను.

"ఏమయ్యా, ఏమైంది?"

"గుండె దడగా ఉందే."

"మిరపకాయలు గుర్తొచ్చా, నన్ను చూసా?"

"రెండూ ఒకేసారి అయ్యేసరికి..."

"అయితే రేపు ల్యూబిషా దగ్గర ఎకో తీయిద్దాం పద."

నాకు కావలసిందీ అదే. డాక్టర్ ల్యూబిషా మా కూమ్, అంటే మా పెళ్ళికి సాక్షిగా నిలబడ్డవాడు. కూమ్ మాట కాదన్నవాడికి మా ఊళ్ళో మంచినీళ్ళు కూడా పుట్టవు. ఆ సాయంత్రమే సారా సీసాతో వాడి ఇంటికి వెళ్ళాను.

"గుండె బలహీనం, గరిటె తిప్పకూడదని చెప్పు కూమ్."

"నువ్వడిగితే కాదంటానా" అంటూ పెద్దగా నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు ఎందుకో నేను అడగలేదు.

మర్నాడు నన్ను ఎడమ పక్కకి పడుకోబెట్టి, ఛాతీకి చల్లటి జిగురు పూసి, పక్కటెముకల మధ్య పరికరం అదిమాడు. తెరమీద నా గుండె తలుపులు టపటపా కొట్టుకుంటూ కనిపించాయి.

"దుక్కిటెద్దులా ఉందే" అంది స్తమెంకా.

"బలహీనంగా ఉంది వదినా. గరిటె తిప్పకూడదు" అన్నాడు ల్యూబిషా, తెరవైపు చూడకుండా.

నేను సుఖంగా మూలిగాను.

"ఇంకా?" అంది ఆవిడ.

వాడు జేబులోంచి చీటీ తీసి చదివాడు. "సారా వద్దు. కాల్చిన పంది మాంసం వద్దు. కెఫేలో పేకాట వద్దు. వసంతం దాకా వీడి అత్తగారు వచ్చి కాపలా ఉండాలి."

ఆ చీటీలో రాత మా ఇంటి సరుకుల చీటీలో రోజూ చూసేదే.

"ఒరే కూమ్, ఇదేమిటి?"

"ఏం చెయ్యను? నిన్న వదిన నీకంటే గంట ముందే వచ్చింది, నువ్వొస్తావని కూడా చెప్పింది. నాకు ఇద్దరూ కూములే. ఎవర్ని కాదనను?"

సిగ్గు విడిచి వాడి చెయ్యి పట్టుకున్నాను. "మళ్ళీ సరిగ్గా చూడరా. నాకేమీ లేదు. గుండె గట్టిదని రాసివ్వు."

మళ్ళీ చూశాడు. ఈసారి నిజమే రాశాడు.

ఆ రిపోర్టు ఇప్పుడు మా పొయ్యి పైన గోడకి అంటించి ఉంది. ఏటా వంద కిలోలు తిప్పేవాణ్ణి. ఇంత గట్టి గుండె ఖాళీగా ఉండకూడదని స్తమెంకా ఈ ఏడు తన చెల్లెలి వంద కిలోలు కూడా తెప్పించింది.