డిస్కో నిర్మూలన: వాన వస్తే సోమవారం

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు డిస్కో సంగీతాన్ని భూమ్మీద లేకుండా చేస్తున్నట్టు యాభై ఒకటో వార్డు కౌన్సిలర్ కాజిమిర్ ద్రోజ్దెక్ గారు ప్రకటించారు. వాన వస్తే సోమవారం చేస్తామన్నారు. డెబ్బై తొమ్మిది జూలైలో దేశానికి ఇంతకు మించిన సమస్య ఏదీ ఆయన కంటికి ఆనలేదు.

జనం తెచ్చిన రికార్డులన్నీ ఊరికి దక్షిణాన, సౌత్ సైడ్ పార్కింగ్ మైదానంలో కుప్ప పోస్తారు. వాటి మీద రోడ్డు రోలర్ తోలిస్తారు. తోలే భాగ్యం లూషియస్ పెట్‌వేకి దక్కింది. అతను రోడ్ల శాఖలో తొమ్మిదేళ్ళుగా టెంపరరీ మీద రోలర్ నడుపుతున్నాడు. వయసు నలభై ఏడైనా, నల్లవాడు కాబట్టి కౌన్సిలర్ గారి మనుషులకు ఇంకా "అబ్బాయ్".

"నీలాంటివాడు తోలితే రేపు పేపర్లో ఎవడూ మనల్ని వేలెత్తి చూపడు అబ్బాయ్," అన్నారు కౌన్సిలర్ గారు.

"నాలాంటివాడంటే ఎలాంటివాడు సార్?"

"అదే... అనుభవం ఉన్నవాడు. పని సరిగ్గా చెయ్యి, రేపే నీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టేస్తా."

తొమ్మిదేళ్ళు! జ్వరమొస్తే జీతం లేదు, చెయ్యి విరిగితే దిక్కు లేదు. లూషియస్ సరేనన్నాడు. డిస్కో అతనికీ పెద్దగా పడదు. కానీ ఎక్కడ పుట్టిందో తెలుసు. గొప్ప డాన్సు హాళ్ళ గుమ్మం దగ్గర ఎవరెవర్ని ఆపేశారో, ఆ నల్లవాళ్ళూ ప్యూర్టోరికోవాళ్ళూ మగవాణ్ణి ప్రేమించిన మగవాళ్ళూ అందరూ పాత గోడౌన్లలో చేరి, రెండు రికార్డు ప్లేయర్లు పక్కపక్కన పెట్టుకుని, పాట తెగకుండా తెల్లారేదాకా ఆడిన సంగీతం అది. అతని మేనల్లుడూ అక్కడే ఆడేవాడు. ఈ సంగతి కౌన్సిలర్ గారికి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

డిస్కో రికార్డు తెచ్చిన ప్రతివారికీ సాసేజ్ బన్ను ఉచితం. ఏది డిస్కోనో ఏది కాదో తేల్చడానికి పార్టీ బూత్ ఇన్‌ఛార్జి బడ్ కెర్విన్ గారిని గేటు దగ్గర నియమించారు. ఆయన ఇంట్లో రికార్డు ప్లేయర్ లేదు. అందుచేత పక్షపాతానికి తావే లేదు.

ఒక ముసలాయన పాత బ్లూస్ పాటల రికార్డు తెచ్చాడు.

"ఇది డిస్కో కాదండీ, మా నాన్న కాలంనాటిది," అన్నాడు రోలర్ మీంచి లూషియస్.

కెర్విన్ గారు అట్ట మీది నల్లటి ముఖాన్ని పరీక్షగా చూశారు. "ముమ్మాటికీ డిస్కోయే. కుప్పలో వెయ్యండి."

తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. ఆమె తెచ్చిన అట్ట మీద బంగారు జుట్టు కుర్రాళ్ళు నలుగురు నవ్వుతున్నారు.

"చక్కటి పిల్లలు! వీళ్ళేం పాపం చేశారమ్మా? ఇంటికి తీసుకుపో."

"అయ్యో, అట్ట మీద డిస్కో అని ఇంత లావు అక్షరాలతో ఉంది కదండీ!"

"అచ్చుతప్పు," అని కెర్విన్ గారు ఆమెకు బన్ను ఇచ్చి పంపేశారు.

రెండు కావస్తుండగా ఒక లావుపాటి ఆయన ఏదో సంతలో కొన్న రికార్డును కుప్ప మీదికి విసిరాడు. అట్ట పైకి తిరిగి పడింది. మౌంట్ నీబో బాప్టిస్టు చర్చి ఆడవాళ్ళ పాటల బృందం. రెండో వరస చివర, నీలం అంగీలో, నోరారా పాడుతున్నది ఒడెస్సా పెట్‌వే, లూషియస్ తల్లి. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో ఉన్న రికార్డు బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చినప్పుడు పాడైపోయింది. ఆమె గొంతు మళ్ళీ వినాలని అతను ఊళ్ళో వెతకని పాత రికార్డుల కొట్టు లేదు.

"సార్, అవి దేవుడి పాటలు. మా అమ్మ పాడింది. ఆ ఒక్కటీ ఇప్పించండి."

"కుప్పలో పడ్డది మళ్ళీ తియ్యకూడదు. రూలు రూలే," అన్నారు కెర్విన్ గారు.

కౌన్సిలర్ గారు మైకుకు చెయ్యి అడ్డం పెట్టారు. "పిచ్చివాడా, ఒక్క రికార్డు కోసం పర్మనెంటు పోగొట్టుకుంటావా? మీ అమ్మే ఉంటే ఏమనేది?"

ఏమనేదో లూషియస్‌కు తెలుసు. చర్చిలో ఆఖరి బెంచీదాకా వినపడేలా అనేది కూడా. ఒళ్ళు మండిపోయింది. రోలర్ దిగి, కుప్ప తొక్కుకుంటూ వెళ్ళి, రికార్డు తీసి చొక్కాతో తుడిచాడు.

"ఆ సీటు దిగినవాడివి మళ్ళీ ఎక్కవు అబ్బాయ్!" అని అరిచారు కౌన్సిలర్ గారు.

"ఎక్కను సార్. తాళం దానికే ఉంది." రికార్డు చంకలో పెట్టుకుని బస్ స్టాపుకేసి నడిచాడు.

కౌన్సిలర్ గారికి చీమ కుట్టినట్టైనా లేదు. ఇలాంటి టెంపరరీలు పోతే పోయారనుకున్నారు. మైకు అందుకుని, "మన శాఖలో పర్మనెంటు రోలర్ డ్రైవర్లు పదకొండు మంది ఉన్నారు. అందరూ ఇక్కడే ఉన్నారు. ముందుకు రండి!" అని గర్జించారు.

బీరు బల్ల దగ్గర్నుంచి పది మంది లేచారు. అందరూ పార్టీవాళ్ళే. ఒక్కరి బూటుకూ తారు మరక లేదు. పదకొండో ఆయన బడ్ కెర్విన్ గారే, గేటు వదిలి వచ్చి అందరికీ ముందు నిలబడ్డారు. రోలర్ డ్రైవర్‌గా ఆయనది పద్దెనిమిదేళ్ళ సర్వీసు, కిందటేడు ఉత్తమ డ్రైవర్ పతకం కూడా వచ్చింది. మోరీన్ టై అనే పత్రికావిడ నోట్‌బుక్ తెరిచి దగ్గరికి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

కెర్విన్ గారు రోలర్ చుట్టూ ఒకసారి తిరిగారు. ఇంకోసారి తిరిగారు. ఉన్నట్టుండి బన్ను చేత్తో పట్టుకునే బస్ స్టాపుకేసి పరుగు తీశారు.

"పెట్‌వే గారూ! పెట్‌వే గారూ, మీకు పుణ్యముంటుంది! దీనికి ముందేదో వెనకేదో చెప్పి వెళ్ళండి సార్!"