స్నానాలగదిలో గడియాసుర వధ

సకల దిక్కులందును అలారములు మ్రోగి, మ్రోగినవన్నియు మరల నొక్కివేయబడి, నిద్రాదేవికిని ఉద్యోగధర్మమునకును ఘోరసంగ్రామము జరుగుచున్న ఒకానొక మంగళవార ప్రాతఃకాలంబున, రెండు గదుల అద్దెయింట, బకెట్టునకును గోడకును నడుమ, ప్లాస్టిక్ స్టూలుపై ఆసీనయై యున్నది శిశుపాఠశాలా కథావాచక చక్రవర్తిని, నర్సరీ టీచరమ్మ.

అచ్చట ఏల కూర్చుండెనో వినుడు. ముందునాడు బడిలో హెడ్‌మేడమ్ ఆమెను పసిపిల్లలందరి యెదుట చెడామడా తిట్టెను. ఆ అవమానభారమున ముఖపద్మము వాడగా ఇల్లు చేరి, భర్త తనంత తానే కనిపెట్టి అడుగునని రాత్రి భోజనము దాకా ఎదురుచూచెను. చిన్ననాట నాయనమ్మ చెప్పిన కథలలో, రాకుమారి కన్నీరు నేలరాలిన చప్పుడును రాకుమారుడు ఏడు సముద్రముల ఆవల నుండి వినును గదా! ఈ రాకుమారుడు మాత్రము బల్లకు ఆవలిప్రక్క నుండి, "కూరలో ఉప్పు తక్కువైందా?" అని అడిగెను.

తెల్లవారగనే తనివిదీర ఏడ్చుటకై స్నానాలగది జొచ్చి గడియ బిగించెను. ఏడుపు ముగిసినది గాని గడియ రాలేదు. లాగెను, గుంజెను, తువ్వాలు చుట్టి పెనుగులాడెను. ఆ తుప్పుపట్టిన ఇనుపముక్క ఇసుమంతయు కదలలేదు.

ఒక్క కేక వేసిన చాలును. వేయదు! వేయక, మనమున ఇట్లు ప్రతిజ్ఞ చేసెను: "ఓరీ గడియా! లోహకుల కళంకమా! నన్ను బంధించితినని మురియకుము. నేను నోరు మెదపకయే నా ఆపద నెరిగి, నా నాథుడు భుజబలంబున ఈ కవాటమును బ్రద్దలు చేసెనా, అతడే నా రాకుమారుడు! చేయడా, మధ్యాహ్నపు బస్సెక్కి పుట్టింటికి పోయెద, మరల రాను!"

ఇది ఉత్తమాట కాదు. మంచము క్రింద సంచి సర్దియే యున్నది. పెండ్లియై ఏడాదియైనను నిండలేదు, ఆమెకు మాత్రము నిజముగనే మనసు విరిగినది.

అంతలో తలుపావల అడుగుల చప్పుడు. ఇంటింటికి తిరిగి నీళ్ల మీటర్లు చదువుటయే వృత్తిగా గల జలమాపకయంత్ర పఠన ధురంధరుడు, ఆమె పెనిమిటి, భుజమున తువ్వాలుతో విచ్చేసెను.

"ఏంటి, చాలాసేపైంది లోపలికెళ్లి. ఏమైనా అయిందా?"

ఆమె గుండె గంతులు వేసెను. కాని కథలలో రాకుమారి తన కష్టమును తానే చెప్పుకొనునా?

"ఏం లేదు."

"సరేలే, నిదానంగా రా."

అకటా! మీటరు చూపిన అంకెను ఉన్నదున్నట్లు వ్రాసికొనుటకు అలవడిన ఆ మహానుభావుడు, ఆ రెండు మాటలను గూడ ఉన్నదున్నట్లు నమ్మెను! కొంతసేపటికి మరల అతని గొంతు వినవచ్చెను.

"ఏమోయ్, నువ్వు తొందరపడకు. నాకు టైమైంది, వంటింట్లో మొహం కడుక్కుని వెళ్లిపోతున్నా. సాయంత్రం కలుద్దాం."

ఎంత దయ! ఆ దయవలననే ఆమె ప్రొద్దుగూకు దాకా బకెట్టు ప్రక్కన పడియుండవలెను. బూటు తొడుగు చప్పుడు, తాళములు గలగలలాడు చప్పుడు వినవచ్చెను. ఒకవంక బాల్యము నుండి పెంచుకొన్న రాకుమారుడు, ఒకవంక బూట్లు తొడుగుకొనుచున్న మొగుడు! ఆమె భయపడెను, సిగ్గుపడెను, పిమ్మట గోడలు దద్దరిల్ల గర్జించెను.

"ఏమండీ! వెళ్లకండి! గడియ బిగుసుకుపోయింది, రావట్లేదు!"

ఒంటిబూటుతో ఉరికివచ్చెను వీరుడు.

"అయ్యో, ఇందాక అడిగితే ఏం లేదన్నావే!"

"ముందు తలుపు పగలగొట్టండి!"

"పగలగొడితే ఓనరు నా తల పగలగొడతాడు. గడియ స్క్రూలు నీ వైపే ఉన్నాయిగా. కింద నుంచి స్క్రూడ్రైవర్ పంపిస్తున్నా. నువ్వు తిప్పు, నేను తలుపు ఎత్తి పట్టుకుంటా."

తలుపు క్రింది సందున ఆ దివ్యాయుధము జారివచ్చెను. ఆమె దానిని వింతగా చూచెను. తాను విన్న ఏ కథలోను రాకుమారుడు కత్తిని రాకుమారి చేతికి ఈయలేదు. ఆవల అతడు రొప్పుచు తలుపెత్త, ఈవల ఆమె పండ్లు బిగించి త్రిప్ప, మేకపోతు గాంభీర్యము వీడి స్క్రూలు ఒక్కొక్కటే నేలగూలెను. గడియాసురుడు మగ్గులో పడి అసువులు బాసెను!

తలుపు తెరుచుకొనగనే ఆమె భోరున ఏడ్చెను. "నిన్న హెడ్‌మేడమ్ పిల్లలందరి ముందు నన్ను తిట్టిందండీ."

"రాత్రే చెప్పొచ్చుగా!"

"మీకే తెలియాలనుకున్నా."

"మా అమ్మమ్మ కథల్లో రాకుమారి మాట్లాడకుండా కూర్చుందంటే హాయిగా ఉన్నట్టే. నేనూ అలాగే అనుకున్నా." అతడు చెమట తుడుచుకొనెను. "మూత వేసిన మీటరు చదవడం నాకు రాదే. మూత తియ్యి, ఎంత చిన్న అంకైనా చదువుతా."

మధ్యాహ్నపు బస్సు ఆమె లేకయే పోయెను. సాయంసమయమున అతడు ఇల్లు చేరి, ఆమె ముఖము చూచి, "ఏమైంది?" అని అడిగెను.

"ఏం..." అని నాలుక చివరి దాకా వచ్చెను. వచ్చినదానిని పండ్లనడుమ పట్టి, నలిపి, మ్రింగివేసి, ఆ వీరనారీమణి సింహనాదము చేసెను.

"కాళ్లు లాగేస్తున్నాయండీ. కాస్త పట్టరా?"

లోకులారా, వినుడు! ఏడు సముద్రములు దాటినవారు ఎందరో కలరు. ఒక్క "లేదు"ను మ్రింగినది ఈమె!