నీటికుక్కల కూలి

శనివారం పొద్దున ప్రకాశం వేసుకున్న పథకం చాలా చిన్నది. చద్దన్నం తిని తన కుంట దగ్గరికి పోవడం, వల విసిరి పెద్ద బొచ్చె చేపను పట్టడం, దాన్ని ఆదివారం దాకా బతికించుకోవడం. ఇంత చిన్న పని కూడా ఆయన చేతిలో పడితే ఎంత పెద్దదవుతుందో భార్య ఓబులమ్మకు తెలుసు. అందుకే ఆమె ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తమాషా చూస్తూ కూర్చుంది.

మరుసటి రోజు చర్చిలో కోత పండుగ. కమలాపురం దగ్గరి ఆ పల్లెలో ప్రతి కుటుంబమూ ఆ రోజు తన పంటలో మొదటిదాన్ని కానుకగా తెస్తుంది. ప్రార్థన అయ్యాక వాటిని చర్చి ముందరే వేలం వేస్తారు. ఎవరి కానుక ఎక్కువ పలికితే ఏడాదంతా వాళ్ళదే గొప్ప. పోయినేడు ఓబులమ్మ తమ్ముడు ఏసన్న తెచ్చిన గుమ్మడికాయ కోసం జనం పోటీలు పడ్డారు. సంఘపెద్ద అయిన ప్రకాశం వంకాయలకు మాత్రం ఒక్కరే పాట పాడారు. ఆ ఒక్కరూ ఓబులమ్మే, అదీ జాలిపడి.

ఆ అవమానం ప్రకాశానికి ఏడాదంతా అరగలేదు. అందుకే పోయిన ఆదివారం సంఘం ముందు లేచి నిలబడి, "ఈ తూరి నేను తెచ్చే చేపను మోయాలంటే ఇద్దురు మనుషులు కావాల" అని చెప్పేశాడు. చెప్పాక వెనక్కి తీసుకునే దారి లేదు.

కుంట గట్టు మీద ఆయనకు ముందుగా కనిపించింది సగం తిన్న చేప. తోక ఉంది, తల లేదు, చుట్టూ పొలుసులు. తన బొచ్చెనే ఎవరో తినేశారనుకున్నాడు ప్రకాశం. ఆ తోక ఏ చేపదో చూడాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. ఏసన్నకు చేప తలకాయంటే ప్రాణమని ఊరంతా తెలుసు. ఇక్కడ తలకాయే లేదు. ఇంకేం సాక్ష్యం కావాలి?

తిన్నగా బావమరిది ఇంటికి పోయాడు. పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. అందులో రెండు చేప తలకాయలు పైకి తేలి ఆయన్నే చూస్తున్నాయి.

"రా బావా, కూర్చో. పులుసు అయితాండాది" అన్నాడు ఏసన్న.

"యాడివప్పా ఈ తలకాయలు?"

"కమలాపురం మార్కెట్లో తెచ్చినా."

"కమలాపురంలోనా, నా కుంటలోనా?"

ఏసన్న గరిటె పక్కన పెట్టాడు. "నీ కుంటలో తలకాయలుండే చేపలు కూడా ఉండాయా బావా? ఒక్క బొచ్చె తప్ప రెండేండ్ల నుంచి ఏదీ వేలెడంత కూడా పెరగలేదని నువ్వే కదా ఏడుస్తాంటివి?"

మాట మీద మాట పెరిగి, మధ్యాహ్నానికి పల్లె రెండుగా చీలింది. ఓబులమ్మ తమ్ముడి వైపు నిలబడి ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. ఆకలితో అరుగు మీద కూర్చున్న ప్రకాశం దగ్గరికి పాస్టరు అరుణ్ కుమార్ వచ్చాడు. వయసులో చిన్నవాడే గాని పట్టుదల మనిషి.

"కొట్లాట పెట్టుకున్నోళ్ళు సమాధానపడందే కానుక లోపలికి రాదు. మన చర్చి పద్ధతి మీకు తెలీనిదా?" అన్నాడు.

"దొంగను పట్టిస్తా అయ్యగారూ. అప్పుడు వాడే వచ్చి సమాధానపడతాడు" అన్నాడు ప్రకాశం.

పక్క వీధిలో ఉండే మేకల కాపరి సుంకన్న దగ్గరికి పోయి మేకల మెడల్లోని గంటలన్నీ అడిగాడు. తాడుకు కట్టి కుంట చుట్టూ లాగుతాడట, ఎవరు కాలు పెట్టినా మోగుతాయట.

"ఒక్క పూట గంటలు లేకుంటే మేకలకేమైతాది సుంకన్నా?"

"మేకలకేమీ కాదప్పా. అవి యాడ పోతాండాయో నాకే తెలీదు" అన్నాడు సుంకన్న. అయినా ఇచ్చాడు, మొహమాటస్తుడు.

పొద్దుగూకే వేళకు ప్రకాశం విసురువల భుజాన వేసుకుని గట్టు పక్క జమ్ముగడ్డిలో దాక్కున్నాడు. కాసేపటికి గంటలు మోగాయి. మసకలో రెండు ఆకారాలు తాడు తగిలి తూలుతున్నాయి. ప్రకాశం వల విసిరాడు. అంత చక్కగా ఆ వల ఎన్నడూ విచ్చుకోలేదు.

"దొరికినావు ఏసన్నా!"

"నేనూ ఉన్నానండీ" అంది ఇంకో గొంతు, పక్కనే వల లోపలి నుంచి.

ప్రకాశం ఆ గొంతు గుర్తుపట్టాడు. చాలా బాధగా అడిగాడు. "అయ్యగారూ, మీరు కూడానా?"

మిమ్మల్నిద్దరినీ కలపడానికే ఇతన్ని బండి మీద తెచ్చానని పాస్టరు వలలోంచే మొత్తుకున్నాడు. ఆ కేకలకు ఓబులమ్మ, సుంకన్న పరుగెత్తుకొచ్చారు. సరిగ్గా అప్పుడు అవతలి గట్టు మీద గంటలు మోగాయి. దొంగ వలలో ఉంటే అక్కడ మోగించేది ఎవరు?

ఓబులమ్మ ఫోన్ లైటు అటు తిప్పింది. నీళ్ళలోంచి నాలుగు తలలు లేచాయి. మీసాలు, చిన్న చెవులు, మెరిసే కళ్ళు. ఒకటి చేపను రెండు చేతులా పట్టుకుని తలవైపు నుంచి చెరుకు నమిలినట్టు నములుతోంది.

"నీటికుక్కలు బావా" అన్నాడు ఏసన్న, వలలోంచే. "చిన్నప్పుడు పెన్న ఒడ్డున చూస్తాంటిమి. నీళ్ళు కంపు కొడితే ఇవి రావు. నీ కుంట బాగుండాది."

ఏడాదిలో ప్రకాశాన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఈలోగా ఓబులమ్మ గట్టు మీది తోకను లైటు ముందు పెట్టి చూసింది.

"ఇది బొచ్చె కాదయ్యా, జిలేబి చేప. కాలువ నీళ్ళతో వచ్చి పడినాయి. నువ్వేసే తవుడంతా ఇవి మింగుతాంటే నీ బొచ్చెలు యాడ పెరుగుతాయి? ఈ నీటికుక్కలొచ్చి జిలేబిని తగ్గిస్తాండాయి. నీకు పని చేసి పెడతాంటే నువ్వు దొంగతనం అంటగడతాండావు."

ప్రకాశం వల తీసి, పాస్టరుకు దండం పెట్టి, అదే వలను నీళ్ళలోకి విసిరాడు. గంపెడు జిలేబి వచ్చింది. వాటి నడుమ, ఏడాదిగా కలలోకి వస్తున్న బొచ్చె. దాన్ని పైకి లాగడానికి నిజంగానే ఏసన్న కూడా చెయ్యి వేయాల్సి వచ్చింది. రేపటిదాకా బతకాలని మొప్పలోంచి తాడు దూర్చి, గంటల తాడున్న గూటానికి కట్టి, గట్టు అంచు నీళ్ళలోనే వదిలారు.

"తప్పయింది ఏసన్నా. శానా మాటలంటి" అన్నాడు ప్రకాశం.

"పోనీలే బావా."

పాస్టరు సంతోషంతో ఇద్దరి చేతులూ కలిపి ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన ప్రార్థన ఎంత పొడుగో సంఘానికి తెలుసు. అందరూ కళ్ళు మూసుకున్నారు. పల్లెలోని మంచిచెడ్డలన్నీ దేవునికి విన్నవించి ఆయన వానల దగ్గరికి వచ్చేసరికి, గూటం దగ్గర గంట మోగింది.

ప్రతి ఆదివారమూ ప్రార్థనలో కళ్ళు తెరిచే పిల్లల నెత్తిన మొట్టేది ప్రకాశమే. ఇప్పుడు, అప్పుడే క్షమించిన బావమరిది పక్కన, ఏ ముఖంతో తెరుస్తాడు? గంట మళ్ళీ మోగింది. నీళ్ళు చప్పుడయ్యాయి. పాస్టరు వానల నుంచి పశువుల దగ్గరికి వచ్చాడు. ప్రకాశం కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

ఆమెన్ అన్నాక చూస్తే గూటం ఉంది, తాడు ఉంది, తోక ఉంది, చేప లేదు. సుంకన్న రాయి మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆయన ఆ సంఘం మనిషి కాడు. కళ్ళు మూసుకోలేదు.

"నువ్వు చూసినావా సుంకన్నా?"

"చూసినా. నాలుగూ కలిసి తోక కొరికి పడేసి ఈడ్చుకపోయినాయి. శానా ముచ్చటగా ఉండె."

"మరి పిలవకూడదా?"

"మీరు దేవునితో మాట్లాడతాండారు. నడుమ పలకరిస్తే ఏం మర్యాదప్పా?"

"పని చేసినోళ్ళు కూలి తీసుకున్నారు" అంది ఓబులమ్మ.

ఆదివారం ప్రకాశం తన కానుకను ఒక్కడే మోసుకుపోయాడు. జిలేబి గంప, ఇద్దరెందుకు? ఈసారి మాత్రం జాగ్రత్తపడి సుంకన్నను వెంట తీసుకుపోయి గంప పక్కన కూర్చోబెట్టాడు. ప్రార్థన అయ్యేదాకా చేపల మీంచి చూపు తిప్పొద్దని చెప్పాడు. సుంకన్న మేకల్ని కూడా తోలుకొచ్చి చర్చి ముందు వదిలాడు. గంప పక్కనే ఏసన్న గుమ్మడికాయ, లోపలి ఎరుపు అందరికీ కనబడాలని ఒక ముక్క కోసి పెట్టినది.

పాస్టరు ప్రార్థన ఈసారి వానలు, పశువులు దాటి నీటికుక్కల దాకా పోయింది. కళ్ళు తెరిచేసరికి చేపల గంప చెక్కుచెదరలేదు. గుమ్మడికాయలో మాత్రం ఒక మేక తల చెవులదాకా దూరి ఉంది.

వేలంలో జిలేబి గంపకు ఊరంతా నవ్వుతూ పాట పాడింది. ఆ ఏడాది దానికి మించి ఏదీ పలకలేదు. చివరికి గంపను గెలుచుకున్నది ఏసన్న. తలకాయలు లెక్క చూసుకుంటూ సుంకన్నను అడిగాడు.

"ఎదురుగానే కూర్చుంటివి కదప్పా. మేకను తోలకూడదా?"

"నన్ను చేపల్ని చూడమన్నారు. చేపలు బాగుండాయి."

"మరి అది వచ్చే సప్పుడన్నా ఎవురికీ వినపడలేదే?"

మేకల గంటలు ఇంకా కుంట గట్టు మీదే వేలాడుతున్నాయి.